బొటనేలు

కాగితంలో నాకు కారున్నాది.
తెల్లదట. డీజిలుదట.
సచివాలయంలో గుంటడు కంపూటరు ఇటు తిప్పి సూపించినాడు.
"మురపాక లోలాక్షి, భర్త కూర్మయ్య, కాశీబుగ్గ. నువ్వేగా?"
నానే బాబూ.
"మరి కారున్నవాళ్ళకి బియ్యం ఎందుకమ్మా?"

ఎనకున్నోలు నవ్వినారు.
నానూ నవ్వీసినాను, ఏటి సేస్తాను.
జీడిబట్టీలో ఇప్పుడు నా పేరు కారు లోలాక్షి.
ఆ రాత్రి పడుకున్నాక మట్టుకు
ఆ కారు ఓపాలి ఎక్కినాను.
ఎనక సీట్లో కూకొని, అద్దం దించి,
మందస దాకా ఎల్లి వచ్చీసినాను.
దారిలో ఎవులూ నన్ను పోల్చుకోనేదు.

మర్నెలకి నోటీసొచ్చింది.
నాలుగు లచ్చల అరవై వేలు, వడ్డీ వేరే.
బేంకులో ఆయమ్మ మంచిదే, కుర్చీ సూపింది.
"అప్పు నువ్వు తీసుకోలేదంటే
నువ్వు నువ్వేనని మెషిన్ మీద వేలు పెట్టు."

ఎట్టినాను.
ఎర్ర దీపం.
తుడిసి ఎట్టినాను. ఎర్ర దీపం.
ఎడం సెయ్యి, సిటికినేలు,
కొంగుతో రుద్ది, ఉమ్మి రాసి

పద్నాలుగేల్లు జీడిపిక్కలు కొట్టిన సెయ్యమ్మా ఇది.
బూడిద రాసుకున్నా, ఆందం పులుముకున్నా
పిక్కలో సొన ఊరుకోదు.
ముందు తోలు నల్లబడద్ది, తరవాత ఊడద్ది,
ఆ తరవాతొచ్చే తోలు మీద
ఏటీ రాసుండదు.

నా గీతలెక్కడున్నాయో టేసన్లో తెలిసింది.
కూర్మయ్య పోకముందు, ఎనిమిదేల్ల కిందట,
రెండు సెంట్లు రిజిస్ట్రీ సేయించినాం.
ఆ కాగితమ్మీద ఏసిన ముద్రని
టెక్కలి కుర్రోడెవుడో రబ్బర్లో పోత పోసినాడు.
డిగ్రీ సదివినోడంట.
పట్టుకున్నప్పుడు వాల్లమ్మకి జొరమని ఏడిసినాడంట.
నాలాటోలు నలబై ఒక్కమందిమి
ఓ అగరొత్తుల పెట్టెలో.

ఎసై నాది తీసి బల్ల మీద ఎట్టినాడు.
లేత గులాబీ రంగు, పీచుమిఠాయి లాగ.
బూతద్దమిచ్చి సూడమన్నాడు.
ఓలమ్మ, ఎంత సన్నటి గీతలో!
మద్దిని సుడి. పక్కన కత్తిపీట గాటు,
కూర్మయ్య మొదటిసారి కోనెం సేప తెచ్చిన నాటిది.
ఆ గాటు ఉండేదన్న మాటే మరిసిపోనాను.
నాను కాల్చుకున్నదంతా
దొంగ పెట్టెలో బద్రంగా ఉన్నాది.

"ఓపాలి తొడుక్కోనా బాబూ?"
ఏటనుకున్నాడో, సరేనన్నాడు.
నా ఏలికి నా ఏలు తొడుక్కొని
వోల్ల దగ్గిర పట్టుకొచ్చిన మిసన్ మీద ఎట్టినాను.
పచ్చ దీపం.
లోపల్నుంచి ఓ ఆడగొంతు
దన్యవాదాలంది.

"ఇది నాకిచ్చీ బాబూ,
బియ్యం తెచ్చుకొని మల్లా ఇచ్చీస్తాను."
"అది సాక్ష్యం. కోర్టుకి వెళ్ళాలి."
కవర్లో ఏసి, నంబరు రాసి, లక్క పోసినాడు.

మాయమ్మ రేవులో గుడ్డ మూలన
నల్లజీడితో గుర్తెట్టేది.
నాయుడుగారింటికి మూడు సుక్కలు,
పంతులుగారింటికి గీతా సుక్కా,
బడిలో మేస్ట్రమ్మకి ఒట్టి ఇంటూ మార్కు.
గుడ్డ పీలికైపోయినా మూలన గుర్తు పోయేది కాదు.
ఆవిడ బతికున్నన్నాల్లూ
ఒకలి సీర ఒకలింటికి ఎల్లనేదు.
ఆ జీడి వేరు, ఈ జీడి వేరు, నాకు తెలుసు.

ఫిర్యాదు కింద ముద్రెయ్యమన్నాడు రైటరు.
సిరాలో అద్ది ఏసినాను.
గీత నేదు, సుడి నేదు,
నల్లటి ఒక్క సుక్క.
కాగితం అటూ ఇటూ తిప్పి సూసి
"ఇదెవరిదని రాసుకోనే?" అన్నాడు.

మాయమ్మే ఉంటే
గుమ్మం కాడ్నుంచే సెప్పును.