పన్నెండు మాటలు

పైనుంచి వచ్చిన జాబితాల 'ఓడ' ఉండె.
కొట్టేసి పక్కన 'గొంగడి' రాసిన.
ఒక్క గొంగడి కోసం
కమిటీకి ఉత్తరం పెట్టి, మూడు వారాలాగి
సంతకం తెచ్చుకున్న.
కాగితాలు మాత్రం పాతవే, మళ్లా అచ్చేసే పైసల్లేవు.

పాలమూరు పెద్దాసుపత్రి, మేడ మీది గది.
ఫ్యాను బందు చేస్త, చప్పుడుల మాట తప్పిపోతదని.
ఎదురుంగ కుర్మయ్య, భుజం మీది తువ్వాలతోటి
మెడ తుడుచుకుంట.
గొంగడి. జల్లెడ. కందిలి. రైలు...
సెకనుకొకటి, పన్నెండు చదివిన.
నాలుగు చెప్పిండు.
అయిదోది గోడ మీద వెతికిండు.

చెవుల్ల గొంతులు ఆగి ఆరేండ్లు.
ఆ గోలీలు మంచిగనే పనిచేసినయి.
జడ్చర్ల చౌరస్తా హోటల్ల
తొమ్మిది టేబుళ్ల ఆర్డర్లు కాగితం లేకుండ మోసిన తలకాయ
గొంతులతోటే పోయిందా,
అవి రాకముందే సన్నగ కారిపోతుండెనా?
పుస్తకాల్ల రెండో మాటే ఉన్నది.
వాళ్లక్క చిట్టెమ్మకు అది చెప్పబోయి
ఊకున్న.

రెండు చాయ్‌లు, ఒకటి చక్కెర లేకుండ అంటే
ఇప్పుడు నడిమిట్ల నిలబడిపోతడు.
సేటు గిలాసలు కడిగే కాడ కూసోబెట్టిండు.

కొత్త గోలీ తెల్లగుంటది.
ఉత్త గోలీ గూడ తెల్లగనే ఉంటది.
ఏది ఎవరికో ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు,
డాక్టరు సారుకూ తెల్వదు.
హైదరాబాదుల ఒక బీరువాకు తెలుసు.

పన్నెండో వారం. ఎనిమిది మాటలు.
"ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె తెమ్మన్న మేడం,
మూడూ తెచ్చిండు. చిల్లర గూడ లెక్కకు ఉన్నది."
చిట్టెమ్మ మాటకు ఫారంల గడి లేదు.
అంచు మీద పెన్సిలుతో రాసుకున్న.

ఎండకాలం బీరువా తెరిచిండ్రు.
రెండు గుంపులకు తేడా లేదంట.
కుర్మయ్యది ఉత్త గోలీ.
మరి ఆ ఎనిమిది?
విన్న మాటలే వినీ వినీ అలవాటైనయన్నడు సారు.
అయ్యుండొచ్చు.
బుధవారం బుధవారం ఒక మనిషి
గడియారం పట్టుకొని తన జవాబు కోసం ఆగుడు గూడ
ఏ డబ్బాల లేని మందేమో. రుజువు లేదు,
రాయను.

ఆఖరి రోజు అడిగిన, ఇంకేమన్న గుర్తున్నదా అని.
చాలాసేపు నా చేతుల దిక్కు చూసిండు.
"ఓడ" అన్నడు.

నేను ఎన్నడూ చదవని మాట.
నియమం ప్రకారం తప్పు. సున్న పెట్టిన.
పెట్టినంక చూసుకున్న,
నా కాగితం మీద, కొట్టేసిన గీత కింద,
ఆయన దిక్కు తలకిందులుగ
ఇన్ని నెలలసంది ఆ ఓడ.