తువ్వాలు కింద

పొదలకూరు నిమ్మకాయల మండీలో
కొత్త కంప్యూటరు అట్టపెట్టెలోంచి తీశాం.
దాని చిప్పుకి మా చీటీల ప్రోగ్రాం భాష రాదంట.

ఖాజావలి రాసిపోయింది అది.
నల్ల తెర, పచ్చ అక్షరాలు,
సంవత్సరానికి రెండంకెలే చోటు.

కంప్యూటరు కుర్రాడు మధ్యలో
ఓ దుబాసీని కూర్చోబెట్టాడు.
వెనకటి బేరగాళ్లు తువ్వాలు కింద
వేళ్లు పట్టుకున్నట్టు
లోపల ఏం నొక్కుకుంటా ఉండారో,
ఒక్క గుటకంత ఆలస్యంగా
చీటీ వచ్చింది.

పెంచలయ్య, ఇరవైమూడు బస్తాలు.
కూడి చూశా.
అర్ధరూపాయి ఎప్పట్లాగే
రైతు వైపు జారింది.

అది పొరపాటో,
కావాలనే అట్టా రాశాడో
అడగడానికి ఖాజావలి లేడు.
దుబాసీ మాత్రం
పొల్లు పోకుండా చెప్పాడు.