లేబుళ్ల వెనక

ముందువైపు: హాడాక్. పన్నెండు కిలోలు. గ్రిమ్స్‌బీ.
వెనకవైపు, నా రాతలో: అనాఫొరా.

పెట్టెలకి అంటించగా మిగిలిన లేబుళ్లు
పారెయ్యమన్నాడు ఫోర్‌మన్. ఏప్రన్ జేబులో దోపుకున్నాను.
యాభై ఒకటో ఏట పరీక్షకి కూర్చునేదానికి
కొత్త కార్డులెందుకు, దుబారా.
అదీ, పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న భాషలోనే
రెండుసార్లు తప్పినదానికి.

ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ఉద్యోగముంది.
బిడ్డని అందుకునే చేతుల పక్కన నిలబడే పని.
దానికి ఇంగ్లీషులో నాలుగో గ్రేడు కావాలట.
నొప్పులు పడుతున్న పిల్ల నా చెయ్యి పట్టుకుని
ఇది ఉపమా, రూపకమా అని అడుగుతుంది కాబోలు.

సిమిలీ తేలికే. 'లాగా' కనిపిస్తే చాలు,
మొప్పల్లో వేలు దూర్చి చేపని ఎత్తినట్టు ఎత్తెయ్యొచ్చు.
మెటఫర్‌కి మొప్పలుండవు.
అలిటరేషన్‌కి ఉదాహరణలు ఫోర్‌మన్ తిట్లలో బోలెడు,
జవాబు పత్రంలో రాయడానికి పనికిరావు.
మంచు వేళ్లని కాలుస్తుంది: ఇది పారడాక్సా, ఆక్సీమొరానా?
ఆ రెండు లేబుళ్లూ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

హైపర్బొలీని హైపర్‌బౌల్ అని చదివాను,
రాత్రి క్లాసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా డారెల్.
పంతొమ్మిదేళ్లవాడు. లిటోటీస్ అంటే
ఏదో చర్మరోగమనుకున్నాడు. చెల్లుకు చెల్లు.

నేనూ ఆ లిటోటీస్ దగ్గరే ఆగిపోయాను, నెల రోజులు.
కాదనడంతో అవుననడం, అంది పాక్లింగ్టన్ టీచర్,
బోర్డు మీద రాసి, కింద గీత గీసి.
తలూపాను. బుర్రకెక్కలేదు.

మొన్న తొమ్మిదో పెట్టె కోస్తుంటే
నాన్న వినిపించాడు.

నాకప్పుడు ఏడేళ్లు.
పడవ పది రోజులు ఆలస్యంగా వచ్చింది,
చుక్కాని గదికి అద్దాల్లేకుండా,
ఇద్దరు మనుషుల్లేకుండా.
ఎలా ఉందక్కడ, అంది అమ్మ గుమ్మంలోంచి.
నాన్న బూట్లు విప్పుకుంటూ
"గాలి లేకపోలేదు" అన్నాడు.
టీ తాగాడు. ఇంకో కప్పు అడిగాడు.
చాలాసేపటికి, "ఎడ్విన్ చెడ్డవాడేం కాదు" అన్నాడు.
ఎడ్విన్ మా పక్కింటాయన.
అమ్మ కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

కత్తి కింద పెట్టేశాను.
మా వీధి వీధంతా ఇదే కదా మాట్లాడేది!
నా పెళ్లినాడు నాన్న నోట వచ్చిన పొగడ్త:
"నువ్వేం చూడలేనట్టు లేవు."
మా ఆయన సూట్‌కేసుతో వెళ్లిపోయిన రాత్రి
ఫోనులో చెల్లితో నేను:
"మంచం ఇరుకేం లేదిప్పుడు."

దీనికి గ్రీకు పేరుందని,
గుర్తుపడితే మార్కులిస్తారని
నాన్నకి ఎవరూ చెప్పలేదు.
చెప్పినా, "అవునా" అనేవాడు, అంతే.

ఈ ఉదయం స్పోర్ట్స్ హాలు,
బాస్కెట్‌బాల్ గీతల మీద బల్లలు.
పక్క బల్ల పిల్ల ముక్కు ఎగబీల్చి, చుట్టూ చూసి,
నా వైపు చూసి, చూపు తిప్పుకుంది.
రెండుసార్లు నిమ్మకాయ రుద్దుకునే వచ్చాను.
అయినా ముందువైపు హాడాకే.

ఇచ్చిన పేరాలో ఒకాయన రైలెక్కుతాడు,
గొడుగు మర్చిపోతాడు, వానకి కోపమొస్తుంది.
పర్సానిఫికేషన్. రాశాను.
ప్రశ్నతోనే మొదలైంది, అదీ రాశాను.
లిటోటీస్ కోసం మూడుసార్లు చదివాను.
లేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా.
ఆ రైలు మనిషి అన్నీ ఉన్నదానికంటే ఎక్కువే చెప్పాడు.

బస్‌స్టాప్‌లో డారెల్ అడిగాడు, ఎలా రాశావని.
ఈ ఒక్కసారికీ హైపర్‌బౌల్ వాడదామనిపించింది:
చీల్చి చెండాడేశాననీ,
దిద్దేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారనీ.
నోరు కూడా తెరిచాను.

"రాయకపోలేదు" అన్నాను.

వాడు నవ్వలేదు.
ఏడో నంబరు బస్సు వచ్చింది, నీళ్లు చిమ్ముకుంటూ.