ఎడమచేతి చూపుడువేలు

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో నా పని తూకం.
సూది గుచ్చకముందు ఒకసారి, తీశాక ఒకసారి
మనుషుల్ని కాటా ఎక్కించి దించుతాను.
దాలినాయుడు రెండున్నర కిలోల నీరు మోసుకొస్తాడు,
ఉమాకాంత గౌడో మూడు.
వారానికి మూడు రోజులు, పక్కపక్క కుర్చీలు.

ఒకడిది గంట గుర్తు, ఒకడిది తెడ్డు.
నాయుడు ఒకప్పుడు కొమ్ముతో కొంగల్ని చెక్కేవాడు.
కుడిచేతిలో ఫిస్టులా ఉబ్బాక ఉలి అమ్మేసి
నోటికి పదును పెట్టుకున్నాడు.
గౌడో రిటైరైన రైల్వే గుమస్తా,
కోపం కూడా చిన్నబండిలాంటిదే:
మెల్లగా బయల్దేరుతుంది,
చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది,
గుణుపురం దాకా పోతుంది.

ఆ రోజు టీవీలో భువనేశ్వర్. వైద్యం హక్కు బిల్లు.
ఎవరో మైకు విరిచారు, ఎవరో కాగితాలు చింపి ఎగరేశారు.
"బిల్లు మాది, పేరు మార్చి తెచ్చినారు" అని నాయుడు.
"పేరొదిలెయ్, డబ్బులెక్కడివి?" అని గౌడో.
మధ్యలో మూడడుగుల నేల,
రెండు మిషన్లూ ఒకే చప్పుడు.
"అరవకండి బావూ, బీపీ పడిపోద్ది"
తెలుగులో అన్నాను, ఒడియాలో అన్నాను.
రెండు భాషల్లోనూ వినలేదు.

నేనేమో టీవీలో రాలిన ఆ చిత్తుకాగితాల బరువు చూస్తున్నాను.
ఎంతుంటుంది? కిలోన్నర?
అంత నీరు ఒంట్లో చేరితే
మనిషి రాత్రంతా గోడకి ఆనుకుని కూచుంటాడు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.
ఆడగొంతు. "తెడ్డుకి ఓటేస్తే మీ కుర్చీ తీసేస్తారండీ."
సాయంత్రం అదే గొంతు ఒడియాలో, గంట మీద.
పేషెంటు నంబరు కూడా తప్పులేకుండా చెప్పిందట.
ఆ తెలుగు టెక్కలిదీ కాదు, బెజవాడదీ కాదు,
దీర్ఘాలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు.
"ఈ గుంట ఊపిరి తియ్యదేటి?" అంది నాయుడి పెళ్ళాం.

విదేశీ హస్తం అని పేపర్లో వేశారు.
ఏ దేశమో వెయ్యలేదు.
పిలిచింది తెడ్డు అని గంట, కాదు గంటేనని తెడ్డు.
బజార్లో మైకాటో మీద నిలబడి ఒకాయన
"పైవాళ్ళని నమ్మకండి" అంటూ వేలు చూపించాడు,
ఆ వేలు పాతపట్నం వైపు.
అది నా పుట్టిల్లు.
ఆటోకి ఇరవై రూపాయలు.

మిషను వెనక రేకు మీద ఏవో అక్షరాలుంటాయి,
టెక్నీషియను సాబత్‌కి కూడా చదవడం రాదు.
గొట్టాలు ఒక దేశానివి, ఫిల్టరు ఇంకో దేశానిది.
నాలుగు గంటలపాటు వీళ్ళ నెత్తురంతా
అటు వెళ్ళి, కడుక్కుని, మోచేతిలోకి తిరిగొస్తుంది.
ఆ చెయ్యి గురించి ఎవడూ కాగితం చింపలేదు.

పోలింగు పదకొండు రోజులుందనగా గౌడో పోయాడు.
పాత కార్డు చెల్లదన్నారు, కొత్త కార్డు రాలేదన్నారు,
రెండు పూటలు తప్పాయి.
డాక్టరు గుండె అని రాశాడు.
నా పుస్తకంలో ఆఖరి తూకం అరవై ఒకటి పాయింటు నాలుగు,
పక్క గడి ఖాళీ.

ఓటరు స్లిప్పు మాత్రం ఇంటికొచ్చింది.
దీన్నేం చెయ్యాలని కొడుకు వార్డు గుమ్మంలో నిలబడితే
నాయుడు అందుకుని, మడిచి,
చొక్కా జేబులో మందుల చీటీల్లో పెట్టుకున్నాడు.

ఓట్ల మర్నాడు నాయుడి వంతు.
టీవీ పెట్టనా అన్నాను.
పక్క కుర్చీలో కొత్త కుర్రాడు, మీసం సరిగా రాలేదు,
దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు.
"వొద్దులే" అన్నాడు నాయుడు.

ఎడమచేతి వేలికి క్లిప్పు పెట్టాను.
అంకె రాలేదు. రెండు గీతలు.
తుడిచి మళ్ళీ పెట్టాను. గీతలే.
అప్పుడు చూశాను, గోరు సగందాకా సిరా.

"ఇంకో వేలియ్యి, నాయుడూ."

ఇచ్చాడు.
తొంభై ఒకటి.
రాసుకున్నాను.