సీటు కింది గోతాం

గూడూరు ప్లాట్‌ఫారం మీద
మస్తానమ్మ నిమ్మకాయల గోతాం ఎక్కించింది.
"సేటుకి ఇవి చూపిచ్చు, బాకీ గుర్తొస్తాది.
పచ్చివే, ఢిల్లీ దాకా ఆగతాయి పో."

పెన్న మీద రూపాయి బిళ్ల విసిరాను.
నీళ్లు అందలేదు, ఇసకలో పడింది.

బిట్రగుంటలో బండి ఆగలేదు.
మా నాయన బొగ్గెత్తిన లోకో షెడ్డు
మూడు లెక్కబెట్టేలోగా
కిటికీలోంచి జారిపోయింది.

ఒంగోలు దాకా మాటలు, తర్వాత నిద్ర.
బల్లార్షాలో లేచేసరికి
టీ అమ్మే పిల్లకాయ నోట్లో భాష మారిపోయింది.
వేలు చూపించి తాగాను.

నాగపూర్ దాటాక గోతాంలో చెయ్యి పెడితే
ఒకటో రెండో మెత్తగా తగిలాయి.
ఇటార్సీకి
మూతి కాడివన్నీ పసుపు తిరిగాయి.

పై బెర్తు జవాను ఒక కాయ అడిగి
ఉప్పద్దుకొని, చీకి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.
తెరిచాక అడిగాడు:
మీ ఊరు ఎంత దూరం?

కిలోమీటర్లు నాకు తెలీదు.
పచ్చ నుంచి పసుపు దాకా, అందామనుకున్నా.
హిందీలో పసుపుని ఏమంటారో గుర్తురాక
ఇంకో కాయ
అతని చేతిలో పెట్టాను.