మూడో ప్రశ్న

ఆదోని పెన్షనర్ల భవనం, రెండో శనివారం.
కుర్చీలు ముప్పై ఆరు, వచ్చినోళ్లు ఇరవై మూడు మంది.
ఎవరిదో చెవి మిషన్ కీచుమంటాంది.
ముందు వరసలో వినపడనోళ్లు,
వెనక వరసలో బాత్రూముకు దగ్గరుండాల్సినోళ్లు.
మా సభామర్యాద ఇంతే.

నేను కార్యదర్శిని.
తపాలాఫీసులో ముప్పై ఏడేళ్లు
ఊర్ల పేర్లు చూసి ఉత్తరాలు గూళ్లలో పడేసినోణ్ని.
ఇప్పుడు నెలకొక మనిషిని పిలిచి ప్రశ్నలడుగుతాంటా.
పోయిన నెల ఒక కథకుడు,
పదకొండు పుస్తకాలు మోసుకొచ్చి పదకొండూ మోసుకుపోయినాడు.
అంతకుముందు ఒక అవధాని,
ఆయన నా ప్రశ్నల దాకా రానే లేదు.

ఈ నెల నాగలాపురం ఈరన్న. ఎనభై రెండేళ్లు.
అందులో ముప్పై ఏళ్లు రాణి.
ఎమ్మిగనూరు, ఆలూరు, పెద్దకడుబూరు,
జాతర యాడుంటే ఆడ ఈయన నడుముకు వడ్డాణం.
ఇప్పుడా నడుము వంగింది.
మైకు అందలేదు, మైకునే వంచినాం.

నోటుబుక్కులో ఇరవై ప్రశ్నలు.
ఒకటి: పుట్టిందెప్పుడు?
"వానలు ఎగ్గొట్టిన ఏడు."
హాలంతా నవ్వింది, యా ఏడు ఎగ్గొట్టలేదప్పా అని.
రెండు: గురువెవరు?
"మా చిన్నమ్మ. ఆమెకు తెలీదు.
బిందె చంకకెత్తుకునేది చూసి నేర్చినా."
మూడు: మీ నటనలో మరపురాని ఘట్టం?
ఆయన చూపు ఫ్యాను దాకా పోయి ఆడనే ఉండిపోయింది.
"ఏమో సామీ. ఏదీ తగల్లేదు."

నాలుగుకు పేజీ తిప్పుతాంటే
వెనకనుంచి "నాకుంది" అని లేచింది సువార్తమ్మ,
రిటైరైన నర్సు,
ఎప్పుడు మాట్లాడినా మందు చీటీ అంతే మాట్లాడే మనిషి.

"కోసిగిలో. డెబ్బై రెండులో.
రాజు ఎల్లగొట్టినంక నువ్వు ఊరికే నిలబడి ఏడిస్తివి.
ఎడమ కంట్లోంచి మాత్రమే నీళ్లు.
హార్మోనియమాయన రెండుసార్లు ఎత్తిచ్చినా
నువ్వు పద్యం అందుకోలేదు.
నాకప్పుడు పదిహేడు.
తెల్లారితే రాయచూరు రైలు, మొగుని ఇంటికి.
ట్రంకు పెట్టె వాకిట్లోనే ఉండ్య.
ఎక్కలేదు.
కర్నూలు పోయి నర్సు ట్రైనింగులో చేరినా."

చెవి మిషన్ కూడా ఊరుకుండింది.
ఈరన్న తువ్వాల తీసి ముక్కు తుడుచుకున్నాడు,
శెనక్కాయల చేన్లో దొరికిపోయిన పిల్లోని మాదిరి.

"అమ్మా, ఏమనుకోవద్దు.
ఆ పొద్దు పెట్రోమాక్సు కాడ
దీపప్పురుగొకటి నా కంట్లో దూరింది.
ఒకటే మంట.
నోరు తెరిస్తే తిట్టొస్తాదని మూసుకోని నిలబడినా.
తెర పడినంక మేనేజరు రెండు రూపాయలు కోసినాడు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.
సువార్తమ్మ కొంచేపు ఆలోచించింది.
"ఎడమ కన్నే కదా?"
"ఎడమదే."
"అయితే సరిపాయె" అని కూర్చుంది.

మిగిలిన పదిహేడు నేను అడగలేదు.
ఉగ్గాని బజ్జీ వచ్చింది.
మిరపకాయ తీసి పక్కన పెట్టి ఈరన్న ఆమె దగ్గరికి పోయినాడు,
ఈ కన్ను ఇప్పుటికీ మాపటేళ నీరు కారతాంది,
ఏమన్నా చుక్కలుంటే చెప్పమ్మా అంటా.
ఆమె ఆయన్ను ట్యూబులైటు కిందికి నడిపించి
బొటనవేలితో కింది రెప్ప లాగి పట్టుకుంది.
"పైకి చూడు. ఇంకా పైకి. కదలొద్దు."
ఆయన కదల్లేదు.
చాలాసేపు.

రిజిస్టరులో రాసినా:
హాజరు ఇరవై మూడు. టీలు ఇరవై ఆరు. శాలువా ఒకటి.
మూడో ప్రశ్నకు జవాబు సభ్యురాలే చెప్పినారు.
వచ్చే నెలకు అతిథి ఇంకా కుదరలేదు.