చేతులు లెక్కపెట్టడం

మార్చి ఐదు, గురువారం, రాత్రి ఎనిమిదింటికి
బడి వ్యాయామశాలలో ఊరి సభ.
హాజరు డెబ్బై తొమ్మిది మంది ఓటర్లు, రెండు కుక్కలు.
కుక్కల సంగతి మినిట్స్‌లో రాయకూడదు.
పంతొమ్మిదేళ్లుగా గుమాస్తాని, ఆ మాత్రం తెలుసు.

అంశం ఒకటే.
పైనున్న కొండ నుంచి మంచు ఎప్పుడు విరిగిపడుతుందో
యంత్రాన్ని చెప్పమనాలా,
ఎప్పట్లా కుర్దిన్‌నే చెప్పమనాలా.

కుర్దిన్ ముందు వరసలో
టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు,
తీర్పు వినడానికొచ్చినవాడిలా.
ముప్పై ఒక్క శీతాకాలాలు
తెల్లారకముందే వాలెక్కి, కర్ర గుచ్చి,
చిటికెడు మంచు పళ్ల మధ్య నొక్కి చూసి,
దిగొచ్చి, సైరన్ మోగించాలో వద్దో చెప్పినవాడు.

అన్నీనా తెర మీద గీతలు చూపించింది.
రొట్టెలవాళ్ల మనవరాలే. జ్యూరిక్‌లో చదువుకుంది.
పదిహేడు సెన్సార్లట, నలభై ఏళ్ల లెక్కలట,
గాలిని, తేమని, నేల లోపలి వణుకుని
నిమిషానికోసారి తూకం వేస్తుందట.
వెనక నుంచి ఎవరో అడిగారు:
"అది తప్పు చెబితే ఎవర్ని తిట్టాలి?
కుర్దిన్‌నయితే బార్లో పట్టుకోవచ్చు."
(నవ్వులు) అని రాశాను.
అన్నీనా నవ్వలేదు. "నన్ను తిట్టండి" అంది.
"నువ్వు జ్యూరిక్‌లో ఉంటావు కదమ్మా."
ఇదీ రాశాను.

తర్వాత దాని గొంతు వినిపించింది.
"ఇళ్లు ఖాళీ చేయండి, బడి దగ్గరికి రండి."
మా రొమాన్ష్‌లోనే!
ఒక్క క్షణం హాలంతా మెత్తబడింది.
స్విట్జర్లాండ్ మొత్తంలో
టికెట్ మిషన్ కూడా మాతో మా భాషలో పలకదు.
అంతలో యాహెన్ లేచాడు:
"ఇది కింది లోయ యాస!
వాళ్ల యాసలో పిలిస్తే
కొండ నెత్తిన పడ్డా నేను మంచం దిగను."
గోల. పావుగంట ఆ గోలే.
యంత్రం కావాలా వద్దా అన్నది పక్కకి పోయి
మంచుని ఏ లోయవాళ్లు ఎలా పలుకుతారన్న దగ్గర
సభ కూరుకుపోయింది.

అప్పుడు మెంజా లేచింది.
కుర్చీల కిర్రుమనడం కూడా ఆగింది.
పదకొండేళ్ల కింద, ఫిబ్రవరిలో,
"ఈ రాత్రికి రాదు" అన్నది కుర్దినే.
వాగు పక్క ఇల్లు ఆమెది.
తుమాష్‌ని మూడో రోజు తీశారు.

"ఆ ఏడంతా ఇతను ప్రతి ఆదివారం
నా గుమ్మం ముందు మంచు తవ్వాడు.
నేను తలుపు తియ్యలేదు.
యంత్రం వచ్చి తవ్వదని నాకూ తెలుసు.
కానీ ఇతని దీపం నా కిటికీలోకి కనబడుతుంది.
మంచు కురిసిన ప్రతి రాత్రీ, తెల్లవార్లూ.
ఇక చాలు. పడుకోనివ్వండి."

ఎవరూ మాట్లాడలేదు.
యాహెన్ మాత్రం, ఎవరితోనూ కాదు, తనలో తను,
"నిద్రపట్టనివాడే కదా మనకి కావాలి" అన్నాడు.

చేతులెత్తమన్నారు.
యంత్రానికి నలభై ఒకటి. వద్దని ముప్పై ఆరు.
సైరన్ తాళం కుర్దిన్ దగ్గరే ఉండాలని ఒక సవరణ.
గోడ మీద పిల్లులు ఇద్దరు.
ఒకరు నేను. లెక్కపెట్టే చెయ్యి ఎలా ఎత్తనని సర్దిచెప్పుకున్నాను.
రెండో చెయ్యి ఖాళీగానే ఉంది.
ఇంకొకరు కుర్దిన్.

కుర్చీలు సర్ది బయటికొస్తే
అతను వంగి, అలవాటు కొద్దీ,
చిటికెడు మంచు నోట్లో వేసుకుంటున్నాడు.
"ఏం చెబుతోంది?" అన్నీనా అడిగింది.
"ఏం చెబుతుంది? పన్ను పుచ్చిందంటోంది."
ఆ పిల్ల కూడా చిటికెడు తీసుకుంది,
చాలాసేపు పళ్ల మధ్యే ఉంచుకుంది.
ఇది సభ ముగిశాక జరిగింది కాబట్టి మినిట్స్‌లో చేరదు.

ఇంటికొచ్చి శుద్ధప్రతికి కూర్చున్నాను.
బల్ల మీద వదిలిన ఫోను
సభనంతా తనూ రాసిపెట్టుకుంది.
పేర్లు సగం తప్పు. నవ్వుల్ని దగ్గులనుకుంది.
మెంజా మాటల కింద మాత్రం
"నిశ్శబ్దం, పదకొండు సెకన్లు" అని ఉంది.
నా పుస్తకంలో అక్కడ ఏమీ లేదు.
నాకది చాలాసేపనిపించింది. పదకొండే.
ఆ వెంటనే యాహెన్ గొణిగింది దానికి వినపడలేదు.
నాకు వినపడింది, రాయలేదు.

రెండూ ఎక్కించాను.
ఇక ఆగడమెందుకని
కుక్కల్ని కూడా.